రెండు వలయములు, ఒక సరిహద్దు

గుంతకల్లు నుండి బళ్ళారికి పోవు బాటలో విడపనకల్లు అను ఊరు కలదు. కన్నడమున ‘కల్లు’ అనగా రాయి. గుంతకల్లు, దోనేకల్లు, విడపనకల్లు: అనంతపురము జిల్లా వాయవ్యపు అంచున ఇట్టి పేర్లు పలుమారు చెవిని బడును. తెలుగువారికి కల్లు అనగా త్రాగునది గావున క్రొత్తగా వచ్చినవారు ఈ పేర్లు విని చిరునవ్వు నవ్వుట కద్దు. ఆ నవ్వులోనే ఈ సీమ చరిత్రలో సగము దాగియున్నది. నేల నల్లరేగడి, వాన, జిల్లా సగటున, ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు, అదియు దయతలచిన యేటి మాట. పడమటగా కొంతదూరము సాగిన కర్ణాటక రాష్ట్రము. ఈ ప్రాంతమున రేడియో ముల్లును ఒక ప్రక్కకు త్రిప్పిన తెలుగు వినవచ్చును, మరియొక ప్రక్కకు త్రిప్పిన కన్నడము వినవచ్చును. త్రిప్పెడు చేయి మాత్ర మొక్కటే.

ఆ యూర మేము ఒక ముసలమ్మను, “అవ్వా, మీ యింటి భాష యేది?” అని యడిగితిమి. ఆమె వక్క నములుచు కొంతతడవు మావంక జూచి, “ఏమి చెప్పేది నాయనా! మా యమ్మ నన్ను కన్నడంలో పెంచింది. మా ఆయనది ఈ ఊరే, తెలుగు. దేవునికి కన్నడంలో మొక్కుకుంటా, మనవళ్ళను తెలుగులో తిట్టుకుంటా. నీకేది కావల్లో అది రాసుకో,” అనెను. మాచేత కలమున్నది, కాగితమున్నది; ఏది వ్రాయవలెనో మాత్రము తోచలేదు.

పోటీ పరీక్షలకు చదువుకొను యువకులున్న ప్రతి యింటను ఈ చిక్కు మరియొక రూపమున కనబడుచుండును. బ్యాంకు ఉద్యోగముల పరీక్షలయందును, ప్రభుత్వోద్యోగముల పరీక్షలయందును ఒక జాతి ప్రశ్న తరచుగా వచ్చును. ఇన్ని యిండ్లలో ఇన్నిట ఫలానిది కలదు, ఇన్నిట మరియొకటి కలదు, ఇన్నిట రెండును లేవు, రెండును గలవి యెన్ని? అని యడుగుదురు. పదవ తరగతి గణితములో ‘సమితులు’ అను పాఠము చదివినవారికి సమ్మేళనము, ఛేదనము అను మాటలు జ్ఞాపకముండును. వాడుకలో చెప్పవలెనన్న ఇవి ఒకదానిమీద నొకటి ఒరిగిన రెండు వలయములు. రెంటికిని చెందిన నడిమి భాగమే లెక్కకు ప్రాణము.

చెవితో వినియే చేయదగిన లెక్క యొకటి చెప్పెదము. అంకెలు మేము కల్పించినవి. సరిహద్దున 100 ఇండ్ల పల్లె యొకటి యున్నదనుకొందము. 80 ఇండ్లలో తెలుగు వచ్చును, 60 ఇండ్లలో కన్నడము వచ్చును, 5 ఇండ్లలో రెండును రావు. వారు ఉర్దూ మాత్రమే యాడుకొందురు. రెండు భాషలును వచ్చిన యిండ్లెన్ని? తొందరపడినవారు 80ని, 60ని కూడి 140 తెచ్చి, ఊరిలో నున్నవి నూరే గదా యని విస్తుపోవుదురు. ఆ విస్మయమే లెక్కకు మొదటి మెట్టు. రెండు భాషలును గల యిల్లు తెలుగు పట్టీలో ఒకసారి, కన్నడ పట్టీలో మరియొకసారి పడినది. రెండును రాని 5 ఇండ్లు తీసివేయగా మిగిలినవి 95. 140లో 95 పోగా మిగులు 45 ఇండ్లే రెండుమార్లు లెక్కబడినవి. అనగా రెండు భాషల యిండ్లు 45, తెలుగు మాత్రమే గలవి 35, కన్నడము మాత్రమే గలవి 15, రెండును లేనివి 5. నాలుగు గదులుగల పెట్టె యొకటి కాగితముపై గీచి ఈ నాలుగంకెలను అందుంచి కూడిచూచిన నూరు సరిపోవును. వలయములకంటె ఈ పెట్టెయే తికమక లేనిదని మా యభిప్రాయము.

పరీక్షార్థులు దారితప్పు చోటు కూడికయందు గాదు, భాషయందు. ‘తెలుగు వచ్చిన యిండ్లు’ వేరు, ‘తెలుగు మాత్రమే వచ్చిన యిండ్లు’ వేరు. మొదటిది 80, రెండవది 35. ‘మాత్రమే’ అను మూడక్షరముల పదమున 45 ఇండ్లు మునిగిపోవుచున్నవి. దీనిని ఇచట జ్ఞాపకముంచుకొన వేడెదము. మరల దీనితో పనిగలదు.

రెండును రాని యిండ్లెన్నియో చెప్పనిచో నేమగును? అప్పుడు ఖండితమైన సమాధానము లేదు, హద్దులు మాత్రమే యున్నవి. నూటికి 80, నూటికి 60 అయినప్పుడు రెండును గలవి 40కి తగ్గవు, 60కి మించవు. ఈ హద్దుల ముచ్చటను తర్కశాస్త్రములో నెక్కించినవాడు మన దక్షిణదేశమున పుట్టినవాడే. ఆగస్టస్ డీ మోర్గన్ 1806లో మధురలో జన్మించెను. తండ్రి ఈస్టిండియా కంపెనీ సైన్యములో నుద్యోగి. ఏడు నెలల పసివాడుగా ఇంగ్లండుకు కొనిపోబడి, 1828లో లండనులో క్రొత్తగా వెలసిన విశ్వవిద్యాలయ కళాశాలకు మొదటి గణితాచార్యుడయ్యెను. ఒక సభలో సగమునకు మించినవారికి కోట్లున్నవి, సగమునకు మించినవారికి వేస్టుకోట్లున్నవి అన్నచో, రెండును తొడిగినవా రొకరైన నుండి తీరవలెనని యాతడు చూపెను. అరిస్టాటిలు నాటి నుండి వచ్చిన తర్కమునకు ‘అందరు’, ‘కొందరు’ అనునవే తెలియును. ‘సగమునకు మించి’ అనునది తెలియదు. 1847లో డీ మోర్గన్ వెలువరించిన తర్కగ్రంథము ఆ లోటు తీర్చ యత్నించినది. మరి మూడేండ్లకు, ఢిల్లీలో నుపాధ్యాయుడైన మాస్టర్ రామచంద్ర గణితగ్రంథ మొకటి ప్రకటింపగా, దానిని మెచ్చి 1859లో లండనున తన పీఠికతో పునర్ముద్రణము చేయించినవాడును ఈ డీ మోర్గనే. పుట్టిన నేలను మరల చూడకున్నను దానిపై అభిమానము వదలుకొన్నవాడు కాడు.

వలయముల బొమ్మకు వెన్ పేరు వచ్చినది. జాన్ వెన్ 1880లో దానిని వివరించెను. అంతకు నూరేండ్లకు పైబడి, స్విట్జర్లండులో పుట్టిన ఆయిలరు, ఒక జర్మను రాకుమారికి వ్రాసిన లేఖలలో ఇట్టి వలయములనే గీచియుండెను. బొమ్మ లేకుండ నడచు సూత్రమును 1854లో పోర్చుగలు దేశీయుడైన డా సిల్వా, 1883లో సిల్వెస్టరు ప్రకటించిరి. ఈ పేర్లన్నియు పరీక్షకు వలసినవి కావు. అయినను ఇంత చిన్న లెక్క ఇందరి చేతులు మారి రావలసివచ్చినదని తెలిసినచో, ఇది రాలేదని కంటనీరు పెట్టుకొను పిల్లలకు కొంత ఊరట గలుగవచ్చును.

మన ప్రాంతపు పెద్దలకు ఇది పూర్తిగా క్రొత్త గాదు. తొమ్మిదవ శతాబ్దిలో, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, కన్నడసీమలో మహావీరాచార్యు డను జైనగణితజ్ఞుడు సంస్కృతమున ‘గణితసారసంగ్రహము’ రచించెను. కొన్ని వస్తువులనుండి కొన్నింటిని ఎన్నివిధముల నేరుకొనవచ్చునో చెప్పు సాధారణ సూత్రము ఆ గ్రంథమున గలదు. దానిని తెనుగు పద్యములలోనికి దెచ్చినవాడు పావులూరి మల్లన. పదునొకండవ శతాబ్దివాడని పలువురు చెప్పుదురు. కన్నడసీమలో పుట్టిన సంస్కృత గణితము తెలుగు పద్యమగుట జూడుడు! ఇది యే వలయములోని గ్రంథమో వేరుగ చెప్పనక్కరలేదు. వైద్యులును షడ్రసములను ఒంటిగను, జంటగను, మూడేసిగను కలుపుచుపోయిన 63 విధములగునని సుశ్రుతుని కాలముననే గణించియుండిరి. ఆరు వలయములు ఒండొంటిపై నొరిగినచో, వెలుపలి చోటు గాక, లోపల నేర్పడవలసిన గదులు సరిగా 63. ఉగాదినాడు మన మారగించు పచ్చడి అందు కడపటి గది, ఆరు రసములును కలిసినది.

మూడు వలయముల లెక్కయు నొకటి చెప్పి చరిత్రకు వచ్చెదము. మరల కల్పితమే. 120 రేడియోలుగల ఊరిలో 70 ఇండ్లవారు వార్తలు విందురు, 60 ఇండ్లవారు రైతుల కార్యక్రమము, 50 ఇండ్లవారు హరికథ విందురు. వార్తలును రైతుల కార్యక్రమమును వినువారు 30 ఇండ్ల వారు, రైతుల కార్యక్రమమును హరికథయు 20, వార్తలును హరికథయు 25, మూడును వినువారు 10. ఏదియు విననివా రెందరు? మూడింటిని కూడగా 180. జంటలు 75 తీసివేయగా 105. పలువురు ఇచటనే ఆగి, 15 ఇండ్లవారు ఏమియు వినరని మామీద నింద మోపుదురు! మూడును వినెడు ఇల్లు మొదట మూడుమార్లు కూడబడినది. జంటలు తీసివేసినప్పుడు మూడుమార్లును తీసివేయబడినది. మూడు కార్యక్రమములను శ్రద్ధగా వినుచుండిన కుటుంబము లెక్కలో నామరూపములు లేక పోయినది. ఆ 10 ఇండ్లను మరల చేర్పగా 115. ఏదియు విననివి 5 ఇండ్లే. ఇక ‘సరిగా రెండు’ వినువారెందరన్న 45, ‘కనీసము రెండు’ అన్న 55. పరీక్షకులు ఈ రెండు మాటలను మార్చి మార్చి యడుగుట పరిపాటి.

అంతటనుండియు మునుగువాడు లెక్కలో మాయమగుట పరీక్షాపత్రములో జరిగిన ఒక మార్కు పోవును. బళ్ళారిలో జరిగినది వేరు.

1800లో నిజాము కుంఫిణీవారి కిచ్చివేసిన దత్తమండలములలో ఈ ప్రాంతమంతయు చేరియుండెను. 1808లో బళ్ళారి, కడప జిల్లా లేర్పడినవి. 1882లో బళ్ళారి జిల్లాను చీల్చి అనంతపురము జిల్లాను చేసిరి. కావున ఇప్పటి విడపనకల్లు పరిసరములు, గుత్తి తాలూకాతో బాటు, అప్పటి దనుక బళ్ళారి జిల్లాలోనివే. ఆనాడది మదరాసు రాజధానిలోని యొక జిల్లా నుండి మరియొక జిల్లాకు మారుట మాత్రమే. దొరతనమొక్కటే, కచేరి వేరు. ఆ గీతయే డెబ్బదియేండ్లకు రాష్ట్రముల నడిమి సరిహద్దులో భాగమగునని అప్పుడెవరూహింతురు?

పొట్టి శ్రీరాములుగారు 58 దినముల నిరాహారదీక్ష పిదప 1952 డిసెంబరు 15న అసువులు బాసిరి. నాలుగు దినములకు ప్రధాని నెహ్రూ ఆంధ్రరాష్ట్రమును ప్రకటించెను. వివాదము లేని తెలుగు జిల్లాలనియు మాటయిచ్చిరి. బళ్ళారి వివాదము లేనిది కాదు. రాజస్థాన్ ఉన్నతన్యాయస్థాన ప్రధానన్యాయమూర్తి వాంఛూ విచారణ జరిపి 1953 ఫిబ్రవరిలో నివేదిక సమర్పించెను. జిల్లాలోని పది తాలూకాలలో ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రకు వచ్చినవి. ఆరు మైసూరుకు పోయినవి. మిగిలినది ఒక్క బళ్ళారి తాలూకా. దానికొరకు ప్రత్యేకముగ, హైదరాబాదు ఉన్నతన్యాయస్థాన ప్రధానన్యాయమూర్తి యల్. యస్. మిశ్రాను నియమించిరి. ఆయన నివేదిక ననుసరించి ఆ తాలూకాయు మైసూరున చేరెను. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడు బళ్ళారి ఆవలి గట్టున నుండెను. రెండేండ్ల పిదప ఫజలాలీ సంఘము, తుంగభద్ర పథకపు పరిపాలనాసౌలభ్యము నెంచి బళ్ళారి తాలూకాను, మరికొంత భాగమును ఆంధ్రకు చేర్చవలెనని సిఫారసు చేసినను, 1956లో అది నెరవేరలేదు.

ఆ రోజులలో ఉభయపక్షములవారును జనగణనపు పట్టికలు చేతబట్టిరి. ఆ అంకెలెట్లు పుట్టినవో చూడవలెను. ‘మాతృభాష’ అను గడిలో ఒక మనుష్యునకు ఒకటే భాష వ్రాయుదురు. కావున తెలుగు, కన్నడము, ఉర్దూ మొదలగు వానిని కూడిన నూటికి నూరు చక్కగా సరిపోవును. మన కల్పిత పల్లెలో 140 వచ్చి విస్మయము కలుగజేసినట్లు ఇచట జరుగదు. అట్లు జరుగకపోవుటయే చిక్కు. ఒరిగిన వలయములను విడదీసి, ప్రక్కప్రక్కన నుంచి, నడిమివారిని అటో ఇటో త్రోసిన పిమ్మట గదా పట్టిక తయారైనది! ‘మాతృభాష తెలుగు’ అనుదానిని చదువరి ‘తెలుగు మాత్రమే’ అని చదివికొనును. ఇందాక మేము జ్ఞాపకముంచుకొన వేడినది ఈ మాటనే.

జనగణనాధికారులు తెలియనివారని మా భావము గాదు. 1931లోనే ఇంటిభాషతో బాటు నిత్యవ్యవహారమున వాడు ఇతరభాషను గూర్చియు అడిగిరి; 1951లో ద్విభాషిత్వమును గూర్చి వేరు ప్రశ్న యుండెను; 1961 నుండి తెలిసిన యితర భాషలు రెండింటి దనుక వ్రాసికొనుచున్నారు. 2011 లెక్కల ప్రకారము దేశమున నూటికి సుమారు 26 మంది ఒకటికంటె నెక్కువ భాషలు తెలిసినవారు. మూడవ యంకె, అనగా నడిమి యంకె, పట్టికలలో నుండనే యున్నది. అయితే సరిహద్దును గీయు గీతకు వెడల్పు లేదు. ఊరో, తాలూకాయో ఇటుండవలెను, లేదా అటుండవలెను. నడుమ నుంచుటకు చోటు లేదు. మిశ్రాగారైనను మరియెవరైనను ఆ స్థానమున గూర్చుండి రెండు వలయములను కత్తిరింపక విడదీయగలిగెడివారని మేము తలపము. ఫజలాలీ సంఘము ఈ కష్టము నెరిగియే, ఒక భాషవారు నూటికి 70 మందికి తక్కువకాని రాష్ట్రమును ఏకభాషా రాష్ట్రముగను, అల్పసంఖ్యాకులు 30 మందికి తక్కువకానిచో ద్విభాషా రాష్ట్రముగను పరిపాలింపవలెనని సూచించెను. అది నడిమివారికై గదిని కల్పించు యత్నమే. కాని అదియు మాతృభాషనే కొలతగా గైకొన్నది.

నడిమివారన నెవరో తెలియవలెనన్న బళ్ళారి రాఘవను తలచుకొనవలెను. 1880లో తాడిపత్రిలో జననము, బళ్ళారిలో న్యాయవాదవృత్తి, 1946లో మరణము. తెలుగు రంగస్థలమున నాతని నటన గూర్చి పెద్దలు కథలు కథలుగా చెప్పుకొనెడివారు. ఆయన కన్నడమునను నటించెను, ఆంగ్లమునను నటించెను. మేనమామ ధర్మవరము రామకృష్ణమాచార్యులు ‘విషాదసారంగధర’ మొదలగు నాటకములతో ‘ఆంధ్రనాటకపితామహు’ డనిపించుకొన్నదియు, కోలాచలము శ్రీనివాసరావు చారిత్రక నాటకములు వ్రాసినదియు ఈ బళ్ళారిలోనే. తెలుగు నాటకము పెరిగిన ఊరు నేడు తెలుగు రాష్ట్రమున లేదని కొందరు నిట్టూర్తురు. కన్నడిగులకు రాఘవ పరాయివాడు గాడు. ఆయన పేరిట రంగమందిరము బళ్ళారిలో నేటికిని కలదు. ఆయన 1953 దనుక జీవించియున్నచో ఏ పక్షమున సాక్ష్యమిచ్చియుండునో మేము చెప్పజాలము. గణకుడు మాత్రము ఒక గడిలో ఒక మాటయే వ్రాసికొనిపోయెడివాడు.

గీత పడిన పిమ్మట మనుష్యులు వలయములను వదలిపెట్టలేదు. రెండు ప్రక్కలను బంధుత్వములు సాగుచునే యున్నవి. కాని పాఠశాల, కచేరి, ఉద్యోగపు పరీక్ష మాత్రము గీత ననుసరించుచున్నవి. ఈవలి యింటి పిల్లవానికి తెలుగు వాచకము, ఆవలి మేనమామ బిడ్డకు కన్నడ వాచకము. ఇరువురును పోటీపరీక్షకు గూర్చున్నప్పుడు ఎదురగు వలయముల లెక్క మాత్రమొక్కటే.

ఇక అవ్వ మాటకు వత్తము. ఏది వ్రాయవలెనో తోచక మేము ఆమె యింటివారిని లెక్కించితిమి. మొత్తము ఎనమండుగురు. ఆరుగురికి తెలుగు వచ్చును, అయిదుగురికి కన్నడము వచ్చును, రెండును వచ్చినవారు నలుగురు. ఆరును అయిదును పదునొకటి, నాలుగు పోగా ఏడు. ఎనిమిదవ వారెవరని చూడగా, ఉయ్యెలలో మూడు నెలల శిశువు! ఏ భాషయు ఇంకను రాలేదు. రెండు వలయములకును వెలుపల హాయిగా నిదురించుచుండెను. తల్లి సిరుగుప్ప ప్రక్కనుండి వచ్చిన క్రొత్తకోడలు. ఆ యింట కన్నడము మాత్రమే వచ్చినది ఆమెయే. మాటలు రాని పసిపిల్లలకు తల్లి యాడు భాషనే వ్రాయవలెనని జనగణకుల కిచ్చు సూచన గలదు. అవ్వ ఉయ్యెల నూపుచు తెలుగులో జోల పాడుచుండెను.